అలర్జీతో శ్వాసనాళాల గోడలు మారిపోతాయా? మారితే మళ్లీ మామూలవుతాయా?

మీరు రాసినదంతా చదివాను అమ్మా. నాకు అర్థమైనది ఇదీ. తెనాలి నుంచి వచ్చి పదకొండేళ్లుగా బెంగళూరు మహదేవపురలో ఉంటున్నారు. వచ్చిన రెండో ఏట తుమ్ములు, ముక్కు కారడం; ఆ తర్వాత రాత్రిళ్లు పిల్లికూతలు. ఆయాసం వస్తే నీలం పంపు (సాల్బుటమాల్ ఇన్‌హేలర్) పీల్చడం, తగ్గాక దాన్ని మర్చిపోవడం. రోజూ వాడమని రాసిన స్టెరాయిడ్ పంపును నెల వాడి, బాగుందనిపించగానే ఆపేశారు. నాలుగైదుసార్లు ఇదే జరిగింది. ఇప్పుడు స్పైరోమెట్రీ, అంటే గాలి ఊదే పరీక్ష, చేస్తే మొదటి సెకనులో ఊదిన గాలి మందు పీల్చకముందు ఉండాల్సినదాంట్లో 68 శాతం, పీల్చాక 74. "నాళాల గోడలు మారిపోయాయి, రీమోడలింగ్" అన్నారు. అలర్జీ అంటే తుమ్మి ఊరుకునేది కదా, అది గోడల్నే మార్చేస్తుందా, మారినవి వెనక్కి వస్తాయా, ఆరేళ్ల బాబుకూ పిల్లికూతలు మొదలయ్యాయి, వాడి గతీ ఇంతేనా అని అడిగారు.

మాది మదనపల్లె. బెంగళూరులో ఊపిరితిత్తుల వైద్యం చేస్తూ ఇరవై రెండేళ్లు దాటాయి. మొదటి ప్రశ్నకు జవాబు: అవును, అలర్జీతో వచ్చే ఉబ్బసం (ఆస్తమా) గోడల్ని మారుస్తుంది. అయితే మీ 74 శాతం దానికి రుజువు కాదు. ఈ రెండో మాటే మీకు ఎక్కువ అవసరం. అది అర్థం కావాలంటే మొదటిది కొంచెం వివరంగా తెలియాలి.

శ్వాసనాళం లోపలివైపు పలుచటి చర్మం లాంటి పొర ఉంటుంది. దాని మీది సన్నటి నూగు అలలు అలలుగా కదులుతూ దుమ్మునూ తెమడనూ గొంతువైపు తోసేస్తుంటుంది. కణానికీ కణానికీ మధ్య సందు లేకుండా కుట్టినట్టు అతుకులుంటాయి. అలర్జీ మొదట దెబ్బతీసేది ఈ అతుకుల్నే. పరుపుల్లో, దిండ్లలో బతికే కంటికి కనిపించని ధూళిపురుగు, అదే డస్ట్ మైట్, దాని రెట్టలో డెర్ పి 1 అనే ఎంజైమ్ ఉంటుంది. మటన్ త్వరగా ఉడకాలని పచ్చి బొప్పాయి ముక్క వేస్తాం చూడండి, బొప్పాయి పాలలో మాంసాన్ని మెత్తబరిచే పపైన్‌ది, దీనిది ఒకటే కుటుంబం. ప్రొటీన్లను కోయడం దాని పని. నాళం పొరలోని అతుకుల్నీ అది అలాగే కోస్తుంది. అందుకే ఈ పురుగు కేవలం ఒంటికి పడని వస్తువు కాదు, తలుపు గడియ విరగ్గొట్టుకుని లోపలికి వచ్చే వస్తువు.

గాయపడ్డ పొర ఊరుకోదు. టీఎస్‌ఎల్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-33, ఇంటర్‌ల్యూకిన్-25 అనే అపాయ సంకేతాలు పంపుతుంది. వాటికి స్పందించి రోగనిరోధక వ్యవస్థలోని టీహెచ్-2 కణాలు, వాటి సాటి ఐఎల్‌సీ-2 కణాలు మూడు ముఖ్యమైన రసాయనాలను వదులుతాయి: ఇంటర్‌ల్యూకిన్ 4, 5, 13. నాలుగోది ఐజీఈ అనే యాంటీబాడీని తయారు చేయిస్తుంది. 1966-67లో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ విడివిడిగా కనిపెట్టిన పదార్థం ఇదే. మీ రిపోర్టులో "టోటల్ ఐజీఈ" అని ఉన్నది కూడా ఇదే. ఐజీఈ వెళ్లి నాళం గోడలో ఉండే మాస్ట్ కణాలనే కాపలా కణాల మీద కూర్చుంటుంది. మళ్లీ ఆ దుమ్ము తగలగానే మాస్ట్ కణాలు హిస్టమిన్‌నూ ల్యూకోట్రయీన్లనూ కుమ్మరిస్తాయి. నాళం కండరం నిమిషాల్లో బిగుసుకుంటుంది. ఇది మొదటి దెబ్బ. చాలామందిలో నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత రెండోది వస్తుంది. ఉదయం ఇల్లు బూజు దులిపిన మనిషికి సాయంత్రం ఆయాసం వచ్చి, "పొద్దున్నే బాగానే ఉన్నానే" అని ఆశ్చర్యపోవడం ఇందుకే. గోడకు అసలు నష్టం చేసే కణాలు వచ్చి చేరేది ఈ రెండో దెబ్బలోనే.

వాటిలో ముఖ్యమైనవి ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు. వీటిని పిలిపించేదీ బతికించేదీ ఇంటర్‌ల్యూకిన్-5. నులిపురుగుల్లాంటి పరాన్నజీవుల్ని చంపడానికి దాచుకున్న విషప్రొటీన్లను ఇవి మన నాళం పొర మీదే వదులుతాయి, పొర ఊడిపోతుంది. ఊడినచోట శరీరం మరమ్మతు మొదలుపెడుతుంది. ఆ మరమ్మతుకు పిలుపు టీజీఎఫ్-బీటా అనే రసాయనం. దాన్ని ఇసినోఫిల్స్ కూడా వదులుతాయి, గాయపడ్డ పొరా వదులుతుంది. దాంతో గోడలోని ఫైబ్రోబ్లాస్టులనే కణాలు మేలుకుని కొల్లాజెన్ అనే నార ప్రొటీన్‌ను పేర్చడం మొదలెడతాయి.

ఒకసారి గాయం, ఒకసారి మరమ్మతు అయితే నష్టం లేదు. మన ఊళ్లల్లో పాత మట్టి ఇళ్లకు ఏటా సంక్రాంతికి సున్నం వేసేవారు. గీకకుండా పాతదాని మీదే కొత్తది. ఒక పూత మందం ఏమీ కాదు, నలభై ఏళ్లు వేశాక తలుపు గూట్లో సరిగా పట్టదు. ఇక్కడా అంతే. నాళం పొర కింద ఉండే సన్నటి పట్టీ ఆరోగ్యవంతుల్లో సుమారు 5 మైక్రాన్లు, వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఉబ్బసం ఉన్న చాలామందిలో అది రెండింతల దాకా పెరుగుతుంది. గాయం ఆగదు, మరమ్మతూ ముగియదు. రీమోడలింగ్ అంటే నాకు తెలిసినంతలో ఇదే: పూర్తి కానివ్వని మరమ్మతు.

మందమయ్యేది ఆ పట్టీ ఒక్కటే కాదు. ఇంటర్‌ల్యూకిన్-13 ప్రభావంతో నూగు ఉన్న కణాలు తగ్గి, తెమడ చేసే గోబ్లెట్ కణాలు పెరుగుతాయి. తెమడ జిగురెక్కి కొన్ని సన్న నాళాల్లో బిరడాలా బిగుసుకుంటుంది. గోడలో కొత్త రక్తనాళాలు పుట్టి వాపును పెంచుతాయి. వీటన్నిటికంటే బరువైన మార్పు కండరానిది. నాళం చుట్టూ ఉండే కండరం దండెం కట్టే తాడంత ఉండాల్సింది మోకులా లావెక్కుతుంది. 2002లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ పరిశోధకులు గమనించిన సంగతి నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. ఇసినోఫిల్స్ ఎక్కువగా ఉండి దగ్గు మాత్రమే ఉన్నవాళ్లనూ, ఉబ్బసం ఉన్నవాళ్లనూ పోల్చి చూశారు. ఇద్దరిలోనూ ఇసినోఫిల్స్ ఉన్నాయి, పట్టీ మందమూ ఉంది. తేడా ఒక్కటే: ఉబ్బసం ఉన్నవాళ్లలో మాస్ట్ కణాలు కండరం పోగుల మధ్యలోకి దూరి కూర్చున్నాయి. అలర్జీ మంట, అంటే ఈ కణాలు చేరి రేపే ఇన్‌ఫ్లమేషన్, ఉండటం ఒక్కటే కాదు, అది ఎక్కడ కూర్చుందన్నదీ లెక్కే.

గోడ కాస్త మందమైతే అంత కష్టమెందుకు అంటారేమో. నాళం వ్యాసార్థం పదో వంతు తగ్గితే గాలికి అడ్డు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది, సగమైతే పదహారు రెట్లు. గాలి నిదానంగా, సాఫీగా పారే లెక్క ఇది, ఊపిరితిత్తుల్లో కొంత తేడా ఉంటుంది. అయినా దిశ అదే. పైగా గోడ లోపలివైపు మందమయ్యాక కండరం ఎప్పట్లా బిగుసుకున్నా నాళం ఎప్పటికంటే ఎక్కువ మూసుకుపోతుంది.

ఇప్పుడు మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. ఈ మార్పులన్నీ మంట వల్లేనని చాలాకాలం అనుకున్నాం. 2011లో సౌతాంప్టన్‌లో ఒక ప్రయోగం జరిగింది. స్వల్పంగా ఉబ్బసం ఉన్న 48 మందిని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు ధూళిపురుగు సారం పీల్పించారు. ఇంకో జట్టుకు మెథాకోలిన్ ఇచ్చారు, అది అలర్జీ లేకుండానే కండరాన్ని బిగిస్తుంది. మూడో జట్టుకు ఉత్త ఉప్పునీరు. నాలుగో జట్టుకు ముందు సాల్బుటమాల్, తర్వాత మెథాకోలిన్, అంటే బిగుసుకోనివ్వలేదు. రోజు విడిచి రోజు మూడుసార్లు ఇలా చేసి, నాలుగు రోజుల తర్వాత నాళం నుంచి చిన్న ముక్క తీసి చూశారు. ఇసినోఫిల్స్ పెరిగింది ధూళిపురుగు జట్టులోనే. కొల్లాజెన్ పట్టీ మాత్రం ధూళిపురుగు జట్టులోనూ పెరిగింది, మెథాకోలిన్ జట్టులోనూ పెరిగింది. బిగుసుకోనివ్వని జట్టులో పెరగలేదు. అంటే నాళం పిండుకుపోవడమే, మంటతో పని లేకుండా, గోడను మందం చేయగలదు.

2024లో లండన్ కింగ్స్ కాలేజీ శాస్త్రవేత్తలు దీనికి ఇంకో ముక్క కలిపారు. నాళం పిండుకుపోయినప్పుడు లోపలి పొరలో కణాలు ఒకదాన్నొకటి నొక్కుకుని, చోటు చాలక బయటికి రాలిపోతాయి. ఎలుకల్లోనూ, మనుషుల నాళాల ముక్కల్లోనూ చూశారు. బిగింపు వచ్చాక సాల్బుటమాల్ ఇస్తే నాళం తెరుచుకుంది గానీ రాలడం ఆగలేదు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి మీ పదేళ్లను చూడండి. "ఆయాసం వచ్చినప్పుడల్లా పంపు పీల్చాను, తగ్గింది, మరి ఎందుకు పాడైంది?" అని మీరు అడిగినదానికి జవాబు అక్కడుంది. నీలం పంపు చెడ్డది కాదు, ప్రాణం కాపాడే మందు. కానీ అది వచ్చేసరికే బిగింపు వచ్చేసింది, పొర నలిగింది, మరమ్మతు మొదలైంది. కింద ఉన్న మంటను అది ముట్టుకోదు. 2019 నుంచి ఉబ్బసంపై అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చే 'జినా' సంస్థ, పెద్దవాళ్లకూ పన్నెండేళ్లు దాటిన పిల్లలకూ నీలం పంపు ఒక్కదాంతో వైద్యం చేయొద్దని స్పష్టంగా చెప్పింది. ఆయాసం వచ్చినప్పుడు వాడేదాంట్లో కూడా కాస్త స్టెరాయిడ్ ఉండేలా బుడెసొనైడ్-ఫార్మోటెరాల్ కలిపిన పంపు ఇవ్వడం ఇప్పటి పద్ధతి. మీ డాక్టర్ గారిని దీని గురించి తప్పక అడగండి.

ఇక 74 శాతం సంగతి. అది 74 దగ్గర ఆగడానికి గట్టిపడ్డ గోడే కారణం కానక్కర్లేదు. మంట తగ్గక మిగిలిన వాపు కావచ్చు. ఒక్కసారి పీల్చిన సాల్బుటమాల్ కండరాన్ని వదులు చేస్తుంది, వాపును తీయదు. తెమడ బిరడాలు కావచ్చు. సీటీ స్కాన్‌లో ఇవి కనిపిస్తాయి, కొందరిలో ఏళ్ల తరబడి ఒకే చోట ఉంటాయి. ఊదడం సరిగా కుదరక కూడా కావచ్చు. మీరు స్టెరాయిడ్ పంపును గట్టిగా మూడు నెలలు వాడిందే లేదు, కాబట్టి ఇందులో ఎంత గోడ, ఎంత వాపు అని ఇవాళ ఎవరూ చెప్పలేరు. "గోడ మారిపోయింది" అనే తీర్పును అప్పుడే ఒప్పుకోకండి. సరైన మోతాదు, సరైన పద్ధతిలో మూడు నెలలు రోజూ వాడి, మళ్లీ ఊది చూడండి. అప్పుడు వచ్చే అంకె మీ అసలు అంకె.

ఇది ఊరడింపుకు చెప్పే మాట కాదు. నెల్లూరాయన ఒకరు, ఇక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రెండేళ్లుగా "శాశ్వత మార్పు" అని రాసి ఉన్న కాగితాలతో వచ్చారు. పంపు నా ముందు పీల్చమంటే మందంతా నాలుక మీదే పడుతోంది. ఐజీఈ విపరీతంగా ఉంది, సీటీలో తెమడ బిరడాలు. చివరికి తేలింది ఆస్పర్‌జిల్లస్ అనే బూజు మీద అలర్జీ. మన దేశంలో ఉబ్బసం ఉన్నవాళ్లలో ఇది అరుదేమీ కాదు, వదిలేస్తే నాళాలు నిజంగానే వెడల్పై పాడవుతాయి. వైద్యం మొదలైన కొన్ని నెలలకు ఆయన మెట్లెక్కి వచ్చారు. ఊదిన గాలి పూర్తిగా మామూలు కాలేదు, కొంత మిగిలింది. కానీ శాశ్వతం అనుకున్నదాంట్లో ఎక్కువ భాగం శాశ్వతం కాదు. మీకు ఇంకా చేయకపోతే రక్తంలో ఇసినోఫిల్స్, టోటల్ ఐజీఈ, ఆస్పర్‌జిల్లస్ ఐజీఈ చేయించమని అడగండి.

నిజంగా మందమైన గోడ వెనక్కి వస్తుందా? కొంతవరకు. పీల్చే స్టెరాయిడ్ ఎక్కువ మోతాదులో ఏడాది పాటు వాడినవాళ్లలో ఆ పట్టీ కొంత పలుచబడినట్టు అధ్యయనాలున్నాయి. ఇంటర్‌ల్యూకిన్-5ను అడ్డుకునే మందు ఇచ్చి 2003లో చూస్తే పొర కింద పేరుకున్న కొన్ని ప్రొటీన్లు తగ్గాయి. ఇటీవలి మందు టెజెపెలుమాబ్‌తో ఇసినోఫిల్స్ బాగా తగ్గినా పట్టీ మందం చెప్పుకోదగ్గంతగా మారలేదు. లావెక్కిన కండరాన్ని నమ్మకంగా పలుచబరిచే పంపు లేదా మాత్ర ఇంకా లేదు. కాబట్టి నేను రోగులకు "కరిగించేద్దాం" అని చెప్పను, "ఇక పెరగనివ్వొద్దు" అని చెబుతాను.

పెరగనివ్వకపోవడం చిన్న సంగతి కాదు. కోపెన్‌హాగెన్‌లో 15 ఏళ్లపాటు జనాన్ని గమనించి 1998లో ప్రచురించిన లెక్క ప్రకారం, మొదటి సెకనులో ఊదే గాలి ఉబ్బసం లేనివాళ్లలో ఏడాదికి సగటున 22 మిల్లీలీటర్లు, ఉన్నవాళ్లలో 38 మిల్లీలీటర్లు తగ్గుతూ వచ్చింది. తర్వాత 32 దేశాల్లో ఏడు వేల మందికి పైగా పాల్గొన్న 'స్టార్ట్' అధ్యయనంలో ఇంకో విషయం తెలిసింది: తీవ్రమైన ఆయాసంతో ఆసుపత్రి పాలైనవాళ్లలో ఈ తగ్గుదల ఎక్కువ, పీల్చే స్టెరాయిడ్ అయిన బుడెసొనైడ్ వాడుతున్నవాళ్లలో ఆ నష్టం తక్కువ. ఒక్కో ఎమర్జెన్సీ ఒక్కో మెట్టు కిందికి దించుతుందని నేను చెబుతుండేది అందుకే.

స్టెరాయిడ్ అనగానే మీకున్న భయం నాకు తెలుసు. పంపులో మోతాదు మైక్రోగ్రాముల్లో, మాత్రలో మిల్లీగ్రాముల్లో; ఒక మిల్లీగ్రాము అంటే వెయ్యి మైక్రోగ్రాములు. రోజూ పీల్చే చిన్న మోతాదుకు భయపడి, ఏడాదికి మూడుసార్లు ఆయాసం ముదిరి మాత్రలు మింగేవాళ్ల ఒంట్లోకే ఎక్కువ స్టెరాయిడ్ పోతుంది. పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేయండి. మృగశిర కార్తెకు హైదరాబాద్ వెళ్లి చేపమందు తీసుకుంటానని రాశారు. మీ నమ్మకం మీది, నేను కాదనను. కానీ దానికోసం పంపు ఒక్క రోజు కూడా ఆపకండి.

బాబు సంగతి. లండన్‌లో చిన్నపిల్లల మీద చేసిన పనుల్లో, ఏడాది వయసు శిశువుల్లో పిల్లికూతలున్నా పట్టీ మందం కనిపించలేదు. రెండున్నరేళ్లకు అటూఇటూ ఉన్న, తీవ్రంగా పిల్లికూతలు వచ్చే పిల్లల్లో కనిపించింది. అంటే ఈ మార్పు ముసలితనంలోనో ఇరవై ఏళ్ల జబ్బు తర్వాతో వచ్చేది కాదు, బాగా ముందే మొదలుకావచ్చు. మంట తర్వాతే మార్పు అనే వరుస కూడా ఖాయం కాదు, రెండూ కలిసే నడవొచ్చు. అయితే జలుబు చేసినప్పుడు పిల్లికూతలొచ్చే పిల్లల్లో చాలామందికి పెద్దయ్యాక ఉబ్బసం ఉండదు. మీ బాబుకు జలుబు లేనప్పుడూ వస్తున్నాయా, ఎగ్జిమా ఉందా, పరుగెత్తితే దగ్గు వస్తోందా, ఇవి చూసి పిల్లల డాక్టర్ గారు చెబుతారు. ఇంకో మాట దాచకుండా చెప్పాలి. అమెరికా, కెనడాల్లో వెయ్యి మందికి పైగా పిల్లల మీద చేసిన 'క్యాంప్' అధ్యయనంలో బుడెసొనైడ్ ఆయాసాన్నీ ఆసుపత్రి చేరికల్నీ బాగా తగ్గించింది గానీ, ఊపిరితిత్తుల ఎదుగుదలను అది మెరుగుపరచలేదు. పెద్దయ్యాక ఎత్తు సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువైంది. ఇది తెలిసి కూడా, నిజంగా ఉబ్బసం ఉన్న పిల్లాడికి నేను పంపు రాస్తాను. ఊపిరాడక నిద్రలేని రాత్రుల ముందు ఆ సెంటీమీటరు నాకు పెద్దది కాదు.

ఇంట్లో ఏం చేయాలన్నది క్లుప్తంగా. పరుపుకూ దిండ్లకూ ధూళిపురుగు దూరని జిప్పు కవర్లు, దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో. మస్కిటో కాయిల్, గదిలో అగరుబత్తి పొగ వద్దు. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగితే మీ పంపు పని సగం పాడు చేస్తున్నట్టే. ఇక్కడ జనవరి, ఫిబ్రవరుల్లో గులాబీ పూలతో విరగబూసే టబెబుయా చెట్లను చాలామంది తప్పుపడతారు. వాటి పుప్పొడిని మోసేది కీటకాలు, గాలి కాదు. ఖాళీ సైట్లలో పెరిగే వయ్యారిభామను అనుమానించండి, ఇక్కడివాళ్లు కాంగ్రెస్ గడ్డి అనేది దాన్నే. బెంగళూరులో డాక్టర్ హెచ్. పరమేశ్ ఆసుపత్రికి వచ్చిన పిల్లల మీద కట్టిన లెక్కల్లో ఉబ్బసం 1979లో 9 శాతం, 1999లో 29.5 శాతం. ఊరి పిల్లలందరి లెక్క కాదిది, కానీ ఇరవై ఏళ్లలో ఎటు నడిచిందో చూపిస్తుంది. ఆ ఇరవై ఏళ్లలో వాహనాల పొగ ఎంత పెరిగిందో ఇక్కడ ఉన్నవాళ్లందరికీ తెలుసు. డీజిల్ పొగలోని నుసి అలర్జీ స్పందనను ఇంకా రెచ్చగొడుతుంది.

మళ్లీ స్పైరోమెట్రీకి వెళ్లేటప్పుడు, డాక్టర్ గారు వేరుగా చెప్పకపోతే, పరీక్షకు ముందు నాలుగు నుంచి ఆరు గంటలు నీలం పంపు, ఒక రోజు ఫార్మోటెరాల్ ఉన్న పంపు ఆపాల్సి ఉంటుంది. ఆలోగా ఆయాసం వస్తే మాత్రం వెంటనే పీల్చండి, పరీక్ష ఇంకో రోజు పెట్టుకోవచ్చు. ఈ పదేళ్లలో తీసిన పాత రిపోర్టులు ఎన్ని దొరికితే అన్నీ తీసుకెళ్లండి, వరుసగా పేర్చి చూస్తే ఊదే గాలి ఎప్పుడు, ఎంత వేగంగా తగ్గిందో తెలుస్తుంది. మూడు నెలల తర్వాతి అంకె ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.